వంకర ఎవరిది?

పిల్లల పెంపకం ప్రస్తావన వస్తే మన పెద్దల నోట వెంటనే వచ్చే సామెత ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నది. అదే పెద్దలు, అదే నోటితో, మరో సందర్భంలో ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అంటారు. మొదటిదాని ప్రకారం మనిషి తీరు పెంపకంలో ఉంది. రెండోదాని ప్రకారం పుట్టుకలోనే ఉంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. అయినా రెండింటినీ చేతికందేలా పెట్టుకుని, తప్పు ఎవరిమీద మోపాలని ఉంటే దానికి తగినదాన్ని బయటికి తీస్తూ వచ్చాం. పక్కింటి కుర్రవాడు దారి తప్పితే విత్తనం సామెత. మన ఇంటి కుర్రవాడు దారి తప్పితే స్నేహాలు, సినిమాలు, ఊరి వాతావరణం.

రెండు సామెతలూ చెట్టునే సాక్ష్యానికి పిలిచాయి. కానీ ఆ సాక్షి ఏం చెబుతుందో ఎవరూ పూర్తిగా విన్నట్టు లేదు. వినాలని నాకు కొన్నేళ్లుగా కోరిక. నేను వృక్షశాస్త్రం చదువుకోలేదు. నాది బి.కాం. చదువు, ముప్పయ్యేళ్ల బ్యాంకు ఉద్యోగం. అయితే కాగితాల మీద కనిపించే రూపాన్నిబట్టి మనిషి ఎటువంటివాడో తేల్చడం నా ఉద్యోగంలో సగం పని. రూపం చూసి కారణం చెప్పవచ్చునా అన్న ప్రశ్న నన్ను అక్కడే పట్టుకుంది.

సాక్ష్యానికి అన్ని చెట్లనూ పిలవనక్కర్లేదు. మర్రిచెట్టులో వంకర ఎవరికి కనిపిస్తుంది? చింతకొమ్మ ఎటు తిరిగినా ఎవరూ ఏమీ అనుకోరు. నిటారుగా పెరగడం ఏ చెట్లకు సహజమో వాటిలోనే వంకర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చిన్నప్పుడు భూగోళం పాఠంలో శృంగాకార వృక్షాలని చదువుకున్నాం గదా, ఆ పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు చెట్లు అటువంటివి. నడినెత్తిన ఒక మొన, అది సూటిగా ఆకాశంలోకి, చుట్టూ అంతస్తులుగా కొమ్మలు. సముద్రతీరంలో ఉండే పాఠకులు సరుగుడు తోటలు చూసి అవీ ఈ జాతివే అనుకోవచ్చు. చూపుకు అలాగే ఉంటుంది గానీ సరుగుడు పూలు పూసే చెట్ల వర్గంలోది, పైన్‌కు చుట్టం కాదు. మన దక్షిణాదివాళ్లు వీటిని చూడాలంటే కొడైకెనాల్‌కో ఉదకమండలానికో వెళ్లాలి, లేదా బెంగుళూరు లాల్‌బాగ్‌లో అరకేరియాల దగ్గర నిలబడాలి.

ముందు పోలండ్ వెళ్దాం. జర్మనీ సరిహద్దుకు దగ్గరలో గ్రిఫినో అనే పట్టణం ఉంది. దాని పక్క అడవిలో ఒకచోట 400 దాకా పైన్ చెట్లను లెక్కపెట్టారు. అన్నీ ఒకే తీరుగా వంగినవి. నేలను వదిలీ వదలగానే కాండం దాదాపు లంబకోణంలో పక్కకు తిరుగుతుంది. మీటరో రెండు మీటర్లో అలా పక్కగా సాగి, మళ్లీ గుండ్రంగా తిరిగి పైకి లేస్తుంది. అక్కడినుంచి మామూలు చెట్టే. వంపులన్నీ ఉత్తర దిక్కుకే. చుట్టుపక్కల ఉన్న పైన్‌లు మాత్రం నిటారుగానే ఉన్నాయి.

ఈ చెట్లు 1930 ప్రాంతంలో నాటినవి. అప్పటికి ఆ నేల జర్మనీది. యుద్ధం ముగిశాక 1945లో సరిహద్దు జరిగింది. అక్కడి జర్మన్లు ఊళ్లు విడిచి పోవలసి వచ్చింది, పోలిష్ ప్రజలు వచ్చి స్థిరపడ్డారు. చెట్లను నాటినవాళ్లూ, నాటిన తరువాత వాటికి ఏం జరిగిందో చూసినవాళ్లూ వెళ్లిపోయారు. చెట్లు మిగిలాయి, సంగతి చెప్పే నోరు మిగల్లేదు. అప్పటినుంచీ ఊహలే. మంచు బరువుకు వంగాయని కొందరన్నారు. అదే మంచు పక్క చెట్ల మీద పడలేదా? యుద్ధంలో ట్యాంకులు తొక్కుకుంటూ పోయాయని మరికొందరన్నారు. ట్యాంకు ఇంత వరసగా, ఇంత జాగ్రత్తగా తొక్కుతుందా? పడవ పక్కటెముకలకో, కుర్చీలకో, మంచుబండి పట్టాలకో వంపు తిరిగిన కలప కావాలని మనుషులే లేతమొక్కలను వంచి ఉంటారనీ, కోతకు వచ్చేలోపల యుద్ధం వచ్చిందనీ ఇంకొక ఊహ. క్రిస్మస్ పండుగకు మొక్కల తలలు నరికి తీసుకుపోతే, మిగిలిన పక్కకొమ్మ ఒకటి తలగా మారిందని మరొకటి. నా మొగ్గు మనిషి చేతివైపే. కానీ రుజువు లేదు.

ఈ చెట్టు ఆకారాన్ని కొంచెం నిదానించి చూస్తే అందులో రెండు వంపులున్నాయని తెలుస్తుంది. నేల దగ్గర ఒకటి, మళ్లీ పైకి తిరిగేచోట ఒకటి. మొదటిది దానికి జరిగింది. రెండోది అది చేసుకున్నది.

పైన్ ఒరిగినప్పుడు తన్ను తాను ఎలా లేపుకుంటుందో చదివినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. ఒరిగిన కాండానికి అడుగువైపున, అంటే నేలను చూస్తున్న వైపున, ఆ ఏడాది నుంచి పెరిగే కలప వేరే రకంగా ఉంటుంది. రంగు ఎర్రబారుతుంది, పొర వెడల్పవుతుంది, కణాల గోడలు మందమవుతాయి, లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువగా చేరుతుంది. ఈ కలప పొడవునా సాగజూస్తుంది. అలా సాగజూస్తూ కాండాన్ని కిందినుంచి పైకి నెడుతుంది. గోడ కూలకుండా బయటినుంచి మోటు పెడతాం చూడండి, ఆ మోటు చెట్టులోపలే పుడుతుందన్నమాట. ఆకుచెట్లలో చాలావాటిది ఇందుకు తలకిందులు పద్ధతి. అవి పైవైపున వేరే రకం కలప పెంచి తాడుతో లాగినట్టు లాగుతాయి. ఒకటి నెట్టి లేస్తుంది, ఒకటి లాగి లేస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చెట్టును నిలబెట్టిన ఈ ఎర్రకలప అంటే వడ్రంగికి గిట్టదు. ఆరేకొద్దీ అది పొడవునా కుంచించుకుపోతుంది. పలక పడవలా వంగుతుంది, మామూలు కలప ఆగే బరువుకు ఇది హఠాత్తుగా విరిగిపోతుంది. కోతమిల్లులో దాన్ని దోషంగానే లెక్క కడతారు. వడ్రంగి అబద్ధం చెప్పడం లేదు. దూలం విరిగితే కింద పడుకున్నవాళ్లు చస్తారు. కానీ అతను దోషమన్నది ఆ చెట్టు పడిపోకుండా పడ్డ పాటును.

మొదటి సామెత సంగతి అప్పుడే సందేహంలో పడింది. మొక్కగా ఉన్నప్పుడు వంచినంత మాత్రాన మాను వంగిపోలేదు. అడుగున గుర్తు మిగిలింది, అంతే. రెండో సామెతను చూద్దాం.

ఎత్తైన పర్వతాల మీద, చెట్లు ఇక బతకలేని ఎత్తుకు కాస్త దిగువన, నేలబారున పాకే పైన్‌లూ స్ప్రూస్‌లూ ఉంటాయి. జర్మన్ భాషలో వీటికి క్రుమ్‌హోల్ట్స్ అని పేరు, వంకరకర్ర అని అర్థం. చలికాలమంతా మంచుకింద దాగిన కొమ్మలు బతుకుతాయి, మంచుపైకి తల ఎత్తిన మొగ్గను గాలీ, గాలిలో ఎగిరే మంచురవ్వలూ చంపేస్తాయి. ఏటేటా తల ఎత్తడం, ఏటేటా పోగొట్టుకోవడం. చివరకు చెట్టు పొదగా మిగులుతుంది. అమెరికా రాకీ పర్వతాల్లో ఎంగెల్మాన్ స్ప్రూస్ కథ ఇది. అదే జాతి కొండ దిగువన ముప్పై మీటర్లు దాటిన నిటారు మాను. ఆల్ప్స్ పర్వతాల్లో మ్యూగో పైన్ కూడా అచ్చంగా ఇలాగే పొదలా పాకుతుంది. కానీ దాన్ని తీసుకొచ్చి గాలీ మంచూ బాధ లేని తోటలో పెట్టినా అది పొదగానే ఉంటుంది. దాని తీరే అంత. రెండింటినీ కొండమీద పక్కపక్కన పెడితే చూపరికి తేడా కనబడదు. ఒకటి గాలి దెబ్బ తిన్న పొడుగు చెట్టు, ఒకటి పుట్టు పొట్టిది. కిందికి దించి నాటితే తప్ప తేలదు.

మరొకటి చూడండి. మంచి స్ప్రూస్ చెట్టు మీద ఎక్కడో ఒకచోట గుబురుగా, గద్దగూడులాగా, చిన్నచిన్న రెమ్మల ముద్ద ఒకటి పుడుతుంది. ఐరోపావాళ్లు దాన్ని మంత్రగత్తె చీపురు అన్నారు. మనవాళ్లయితే ఏదో చేతబడి అనేవాళ్లేమో, పెద్ద తేడా లేదు. దీనికి కారణం ఒకటి కాదు. ఫర్ చెట్లలో ఒక రకం కుంకుమతెగులు శిలీంధ్రం దీన్ని పుట్టిస్తుంది. పశ్చిమ హిమాలయంలో నీలి పైన్ మీద మరుగుజ్జు బదనిక ఒకటి పట్టి ఇదే పని చేస్తుంది. తెగులూ బదనికా ఏవీ లేకుండా, ఒక మొగ్గలో పుట్టుకకు సంబంధించిన మార్పు జరిగినా ఇదే ముద్ద. ఈ చివరి రకం ముద్ద మీద కాసిన విత్తనాలను నాటి చూశారు. మొలిచినవాటిలో దాదాపు సగం పొట్టివి, సగం మామూలువి. తెగులువల్ల వచ్చిన గుబురుకు అటువంటి వారసత్వం ఉండదు. కింద నిలబడి తల ఎత్తి చూసేవాడికి మాత్రం అన్నీ ఒకే చీపురు.

ఇంతవరకూ చెట్టు చెప్పిన సాక్ష్యం ఇది. ఒకే రూపానికి వేరువేరు కారణాలుంటాయి. రూపంలోనుంచి కారణాన్ని చదవలేం. చదవాలంటే విత్తనం తీసుకుని వేరేచోట నాటి, అది పెరిగేదాకా ఆగాలి. అంత ఓపిక తీర్పు చెప్పేవాడికి సాధారణంగా ఉండదు.

మా వృత్తిలోనూ ఉండదు. అప్పు ఇచ్చేముందు మూడు చూడాలని మాకు పాతకాలం నుంచి నేర్పే పాఠం: శీలం, సామర్థ్యం, మూలధనం. మూడింటిలో మూలధనం కాగితం మీద ఉంటుంది. సామర్థ్యాన్ని లెక్కగట్టవచ్చు. శీలాన్ని మాత్రం గతంలో కట్టిన వాయిదాలనుబట్టి ఊహిస్తాం. వాయిదా తప్పిందంటే లెడ్జరులో అది ఒక్కలాగే కనబడుతుంది. కట్టగలిగీ కట్టనివాడిదీ అదే గడి, వానలు పడక కట్టలేనివాడిదీ అదే గడి. 1999లో రిజర్వు బ్యాంకు పెద్ద బాకీలకు సంబంధించి ఉద్దేశపూర్వకంగా ఎగవేసినవాళ్ల వివరాలు వేరుగా సేకరించే పద్ధతి పెట్టింది. అప్పటినుంచి ఆ మాటకు అర్థం ఏమిటన్న చర్చ సాగుతూనే ఉంది, నిబంధనలు చాలాసార్లు మారాయి. ఉద్దేశం అనేది అంకెల్లో కనపడే వస్తువు కాదు మరి.

అలాగని తీర్పు చెప్పకుండా కూర్చుంటే బ్యాంకు నడవదు, ఇల్లూ లేవదు. నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. ‘ఈ దుంగ దూలానికి పనికిరాదు’ అనడం న్యాయమే. ‘ఈ చెట్టు చెడ్డజాతి’ అనడం మరొక మాట, దానికి మరొక రుజువు కావాలి. మనం రోజూ చేసే అన్యాయాల్లో చాలా భాగం మొదటి మాటకున్న రుజువుతో రెండో మాట అనేయడమే. అర్జీ తిరస్కరించిన అధికారి అక్కడితో ఆగడు, ‘ఆ కుటుంబమే అంత’ అంటాడు. ఆ కొసమాటకు జీతం లేదు, అడిగినవాళ్లూ లేరు.

అయితే ఈ గీత కూడా చెదిరిపోయే చోటు ఒకటుంది. అది మన దేశంలోనే ఉంది.

హిమాలయ సానువుల్లో చీర్ పైన్ అనే చెట్టు విస్తారంగా పెరుగుతుంది. సంస్కృతంలో దాని పేరు సరళం. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలో హిమవంతుణ్ణి వర్ణిస్తూ, ఏనుగులు ఒళ్లు రాసుకున్న సరళవృక్షాల వాసన గురించి చెప్పాడు. తెలుగులో మనకు సరళం అంటే తిన్ననిది, వంకర లేనిది. పేరుకు తగిన చెట్టే. కానీ కుమావు ప్రాంతంలో కొన్నిచోట్ల ఈ సరళానికి మెలి ఉంది. చెట్టు నిటారుగానే కనబడుతుంది, లోపలి నార మాత్రం కాండం చుట్టూ తాడు పేనినట్టు తిరిగి ఉంటుంది. బెరడు మీది చారలు కూడా మెట్లమెట్లుగా చుట్టుకుంటూ పైకి పోతాయి. ఇటువంటి మానును కోసి పలకలు తీస్తే ఆరినకొద్దీ అవి మెలి తిరుగుతాయి. దూలానికీ పనికిరాదు, తలుపుకూ పనికిరాదు. వంటచెరకు చేసుకోవాలి.

బ్రిటిషు కాలంలో అటవీశాఖకు ఇది పెద్ద నష్టం. కారణం ఏమిటని వెతికారు. గాలి అన్నారు, కొండవాలు అన్నారు, మన్ను లోతు చాలలేదన్నారు, నిప్పు అన్నారు, కొమ్మలు నరకడంవల్ల అన్నారు. హెచ్. జి. చాంపియన్ అనే అటవీ అధికారి ఈ మెలినార విషయాన్ని పట్టుకుని 1920ల్లో డెహ్రాడూన్ నుంచి పరిశోధన ప్రచురించాడు. మెలి చెట్ల విత్తనాల్లో మెలి వారసత్వంగా దిగుతుందని ఆ పరిశోధనలో తేలింది. ఆ మేరకు విత్తనం సామెత గెలిచింది.

గెలిచిందా? మెలి చెట్లు ఎక్కువగా ఉన్నది ఎక్కడ అంటే, ఊళ్లకు దగ్గరగా. దీనికి అటవీ శాస్త్రంలో చెప్పే వివరణ ఒకటుంది. ఊళ్లవాళ్లు ఇళ్లకు దూలాలు కావాలని అడవికి వెళతారు. ఏ చెట్టు నరుకుతారు? తిన్ననిదే నరుకుతారు. మెలి తిరిగినదాన్ని గొడ్డలితో ఒక చెక్క లేపి చూసి వదిలేస్తారు. ఆ వదిలేసిన చెట్టే విత్తనాలు రాల్చింది. ఆ విత్తనాలు మొలిచాయి. మళ్లీ మనవలు వెళ్లారు, మళ్లీ తిన్ననివి చూసి నరికారు. ఇలా తరతరాలుగా జరిగితే ఊరి పక్క అడవిలో మిగిలేది ఎవరి సంతానం?

నాకు ఈ చోట దిమ్మతిరిగినట్టయింది. ఎందుకంటే ఇక్కడ తప్పు చేసినవాడు కనబడడు. మెలి చెట్టును వదిలి మంచిచెట్టును నరికిన మనిషి ఏ తప్పు చేశాడు? తలమీద కప్పు కావాలి, దానికి తగిన మాను ఎంచుకున్నాడు. ఆ తీర్పు న్యాయమైనదని ఇంతకుముందే ఒప్పుకున్నాను. ప్రతి తీర్పూ న్యాయమే. అన్నీ కలిపితే అడవి పాడైంది. పైగా పాడైన తరువాత వచ్చినవాడు ‘ఈ ఊరి చెట్ల జాతే అంత’ అంటాడు. ఇప్పుడు అతని దగ్గర రుజువు కూడా ఉంది. విత్తనం నాటి చూపిస్తాడు. అయినా ఆ జాతిని ఆ జాతిగా చేసింది గొడ్డలి. పుట్టుక అని మనం అనేది చాలాసార్లు పాత ఎంపికలు పేరుకున్న మూట. ఆ మూటను విప్పి చూపగలిగినవాళ్లు పోలండ్ చెట్ల తాలూకు మనుషుల్లాగే ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు.

బ్యాంకుల్లో దీనికి అచ్చంగా సరిపోయే పని ఒకటి జరుగుతుంది. ఒక పేటలో బాకీలు సరిగా రావడం లేదని అక్కడ అప్పులు తగ్గిస్తారు. బాగా కట్టగలిగినవాళ్లు మరో పేటకు మారిపోతారు. మారలేనివాళ్లు నూటికి అయిదు నెలవడ్డీకి బయట తెచ్చుకుంటారు, అది కట్టడానికే సరిపోతుంది, బ్యాంకు వాయిదా తప్పుతుంది. పదేళ్ల తరువాత కొత్త మేనేజరు వచ్చి రికార్డు తిరగేస్తే ఆ పేట చరిత్ర నిజంగానే బాగుండదు. ఏ ఒక్క కాగితం మీదా తప్పుడు సంతకం ఉండదు.

దీనికి విరుగుడు ఏమిటని అడిగితే అటవీశాఖ దగ్గర ఒక జవాబుంది. తిన్నటి చెట్లను గుర్తుపెట్టి, వాటిని నరకకుండా విత్తనానికి ఉంచుకోవాలి, వాటి విత్తనాలే నాటాలి. మంచిదే. కానీ దూలం అవసరం పడ్డవాడికి ఎదురుగా మంచి చెట్టు కనబడుతుండగా దాన్ని ముట్టుకోవద్దని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. మనుషుల విషయంలో అయితే, ఈ ‘మంచి విత్తనం’ అనే మాట గత శతాబ్దంలో ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు. చెట్టు నుంచి మనిషి దాకా ఈ పోలికను చివరంటా లాగడానికి నాకు ధైర్యం లేదు, లాగకూడదు కూడా.

ఇంకొక చిన్న సంగతి. 1904లో అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరీటమ్‌కు చెందిన రేడర్, జాక్ అనే ఇద్దరు కెనడా దేశం ఆల్బర్టాలో లగ్గాన్ దగ్గర ప్రయాణంలో ఉండగా వాళ్లకు వింతైన పొట్టి స్ప్రూస్ మొక్కలు దొరికాయి. దట్టంగా, గోపురంలాగా, మరీ నెమ్మదిగా పెరిగేవి. వాటినుంచి వచ్చిన సంతతే ఇవాళ చల్లటి దేశాల తోటల్లో, గుమ్మాల ముందు కుండీల్లో కనిపించే బొమ్మలాంటి చెట్టు. ఆ చెట్టు మీద అప్పుడప్పుడు ఒక కొమ్మ ఉన్నట్టుండి పూర్వరూపానికి తిరుగుతుంది. అడవిలోని స్ప్రూస్ లాగా పొడుగ్గా, వేగంగా పెరగడం మొదలుపెడుతుంది. తోటమాలి దాన్ని చూడగానే కత్తెర తీస్తాడు. వదిలేస్తే అది మిగతా చెట్టును మింగేస్తుంది. అంటే అక్కడ దోషం ఆ మామూలు కొమ్మదే. అడవిలో నిటారుతనం జాతిలక్షణం, కుండీలో అది తిరుగుబాటు. ఏది వంకర అన్న ప్రశ్నకు జవాబు కొన్నవాడి రసీదును బట్టి మారుతోంది.

లాల్‌బాగ్ చెట్లకు వద్దాం. కుక్ పైన్ అనే అరకేరియా జాతి పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా ద్వీపాలది. కెప్టెన్ కుక్ 1774లో అక్కడికి చేరాడు, చెట్టుకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతటా తోటల్లో పెంచుతున్నారు. ఈ చెట్టు కాస్త ఒరిగి పెరుగుతుందని తోటపనివాళ్లకు తెలుసు. ఎటు ఒరుగుతుందని 2017లో కొందరు శాస్త్రజ్ఞులు అయిదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి చూశారు. ఉత్తరార్ధగోళంలోవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలోవి ఉత్తరానికి, అంటే అన్నీ భూమధ్యరేఖవైపే. సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు. పీసా గోపురం వాలు నాలుగు డిగ్రీలే. భూమధ్యరేఖకు దూరమైనకొద్దీ వాలు పెరుగుతుంది. కారణం ఆ వ్యాసం తేల్చలేదు. వెలుతురో, గురుత్వాకర్షణో, మరొకటో. దీన్ని వంకర అనాలా? నియమం తప్పడాన్ని వంకర అంటాం, ఇది నియమం ప్రకారమే ఒరిగింది. ఈసారి లాల్‌బాగ్ వెళ్లినప్పుడు దక్షిణం ఎటో చూసుకుని, చెట్టుకు పడమటివైపు నిలబడి చూడండి. మన ఊరు భూమధ్యరేఖకు మరీ దూరం కాదు కనుక ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

అరకేరియాల్లో ఇంతకంటే నన్ను పట్టి ఉంచే గుణం మరొకటి ఉంది. గులాబీనో మందారాన్నో కొమ్మ తెచ్చి గుచ్చితే అది చెట్టవుతుంది. స్ప్రూస్‌కు తల విరిగితే పక్కకొమ్మ నెమ్మదిగా పైకి లేచి తల అవుతుంది. అరకేరియా అలా కాదు. పక్కకొమ్మను కోసి నాటితే వేరు పడుతుంది, బతుకుతుంది, పెరుగుతుంది, కానీ కొమ్మలాగానే పెరుగుతుంది. నేలకు సమాంతరంగా, చదునుగా, పక్కకు. ఏళ్లు గడిచినా దానికి నడినెత్తిమొన రాదు. తలమొన కోసి నాటితే మాత్రం నిటారు చెట్టు వస్తుంది. హెర్మన్ ఫోఖ్టింగ్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1904లోనే దీన్ని పరీక్షించి రాశాడు. రెండు ముక్కలూ ఒకే చెట్టువి. ఒకే విత్తనం. నాటిన మన్ను ఒకటే, నీరు ఒకటే. విత్తనం సామెత ఇక్కడ పనిచేయదు, మొక్క సామెతా పనిచేయదు. తల్లిచెట్టులో ఏ స్థానంలో ఉండేదో ఆ స్థానాన్ని ముక్క మరిచిపోలేదు, అంతే. పుట్టుకా కాదు, పెంపకమూ కాదు, ఈ మూడోదానికి మన పెద్దలు సామెత చేయలేదు.

మా వీధిలో ఒక పెద్దాయన మేడమీద ఇటువంటి చెట్టు ఉంది. ఎవరో క్రిస్మస్ చెట్టు కొమ్మ ఇస్తే కుండీలో నాటారట. చూడడానికి వచ్చినవాళ్లు తలొక కారణం చెబుతారు. ఎండ తగల్లేదంటారు, ఎరువు చాలలేదంటారు, తెచ్చిన చెట్టే మంచిది కాదంటారు. కర్ర పాతి కట్టమని అందరూ సలహా ఇస్తారు. ఆయన రెండేళ్లు కట్టి చూశారు. కట్టినంతవరకూ నిలువుగా ఉంది, తాడు దాటి పెరిగిన కొస మళ్లీ పక్కకే పోయింది. ఇప్పుడు కర్ర తీసేసి, కుండీని పిట్టగోడ మూలకు జరిపి, అటువైపు ఉన్న తులసికోటను రెండడుగులు ఇవతలికి పెట్టించారు.